రెండు చెంబుల నీళ్ళు

రామ్‌నగర్ రొయ్యలు, పావుకిలో.
తోకలు ఉంచమన్న, తీసేసిండు.
బకెట్ల మిగిలినయి రెండు చెంబుల నీళ్ళు,
నల్లా మళ్ళ రేపే.
ఒక చెంబు రొయ్యలకు,
అర చెంబు బీన్స్‌కు, క్యాప్సికంకు,
మిగిలింది నా చేతుల వాసనకు.

కడాయి పొగలు కక్కేదాక ఆగాలె,
అక్కడొక్కకాడనే ఓపిక.
ఎల్లిపాయ వడ్డదంటే
ఇగ అంత ఉరుకుడే:
చుయ్యిమని కూరగాయలు,
వంకర తిరిగి ఎర్రబడే రొయ్యలు,
ఆఖరుకు ఉల్లికాడలు.

పై అంతస్తు నుంచి జుబేదా ఆపా:
"క్యా పకారీ?"

ఏం లేదు, పప్పు
అనబోయిన.
లెక్కవెడితే పదకొండే ఉన్నయి.
మిరియాలు చల్లి, నిమ్మకాయ పిండి
అయిదు పంపిన.

గిన్నె వాపస్ రాలె.
ఓ నిండు బిందె
మెట్లు దిగుతున్నది,
మెట్టు మెట్టుకు ఇంత ఒలుకుకుంట.