బిళ్ళ బ్యాటరీ

కొనొచ్చా అని నన్నే అడుగుతారు అందరూ,
కొట్లో కాదు, కొట్టు దాటాక, మెట్ల మీద.
వాల్పరైసోలో మెట్లకేం కొదవ!
నలభయ్యారు అంగుళాల పెట్టెను వీపున మోస్తూ
నూట ముప్పై రెండు మెట్లు ఎక్కేవాడికి
అబద్ధమాడే ఊపిరి మిగలదు.

అందుకని ఓయార్సూన్ వాళ్ళింటి సంగతి చెబుతాను.

జూన్ నెల. చలి. రేవు మీద పొగమంచు.
గోడకు నాలుగు చిల్లులు పొడిచి
మరలు బిగించి, తీగలు కలిపి
అట్టపెట్టె అడుగున చెయ్యి పెడితే
కళ్ళజోళ్ళు రెండే తగిలాయి.
మనుషులు అయిదుగురు.

ఇంకొకటి కొనాలంటే
ఆ డబ్బుకి నెలరోజుల చేపలొస్తాయి అన్నాడు సెగుందో.
వంతులు వేసుకున్నారు, మనిషికి పది నిమిషాలు.
తగువు తీర్చేది గోడ గడియారం.

దాచడమెందుకు, నా వంతుకి నేనూ నోరు తెరిచాను.
తెరలోంచి ఒక చేప,
పసుప్పచ్చది, ముల్లు కనిపించేంత పల్చనిది,
టీపాయ్ దాటి, కప్పుల మీది ఆవిరి దాటి
తాపీగా గదిలోకి ఈదుకొచ్చింది.
నాలుగేళ్ళ మైతే రెండు చేతులూ చాచి
గుప్పున మూసింది.
తెరిచి చూసుకుంది.
మళ్ళీ మూసింది.
ఆ పిల్ల ముఖం చూశాక
ఇది దండగ అనడానికి
నాకు కాసేపు నోరు రాలేదు.

కానీ ఇల్లు సినిమా హాలు కాదు కదా.
అక్కడ చీకటిని డబ్బిచ్చి కొనుక్కుంటాం.
ఇక్కడ దీపం ఆర్పితే
పెద్దావిడ ఎదూవిహెస్ అల్లిక తప్పుతుంది.
నల్లద్దాల వెనక ఎర్ర ఊలూ గోధుమరంగు ఊలూ ఒకటే.
మనవడి స్వెట్టరు మోచేతి దగ్గర
ఇప్పటికీ ఒక తప్పు చార ఉంది.
సోఫాలో పక్కకి ఒరిగితే బొమ్మ రెండుగా చీలుతుంది,
నిటారుగా కూర్చోవాలట, బడిలో పిల్లల్లాగా!
పగలంతా రేవులో క్రేను నడిపొచ్చినవాడు
ఒరగకుండా ఎలా ఉంటాడు?
బాస్తియాన్‌కి తలనొప్పి.
ఇక యాస్నాకి, అసలు సంగతి ఇదే,
పుట్టుకతోనే ఎడమ కన్ను మందం.
పెట్టుకుంది, తీసింది, తుడిచింది, పెట్టుకుంది.
“ఎక్కడిదాకా వచ్చిందే చేప?”
“నీ ముక్కు మీదే ఉందమ్మా!”
ముక్కు తడుముకుని నవ్వింది యాస్నా.
అందరూ నవ్వారు.
నవ్వు సగంలో ఉండగానే
జోడు అత్తగారి ఒళ్ళో పెట్టేసి వంటింట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చి నాకు టీ పోసింది.
ముందు కెటిల్ మూతిని కప్పు అంచుకి తాకించి,
టిక్కుమన్నాక, అప్పుడు వంచి.
ఒక్క చుక్క ఒలకలేదు.

ఆ ఆదివారం ఫుట్‌బాల్ ఆట.
ఇద్దరికి బంతి గదిలోకి వస్తోంది,
ముగ్గురికి ప్రతి ఆటగాడూ తన దయ్యంతో సహా పరిగెడుతున్నాడు.
పావుగంట ఓర్చుకున్నారు.
తర్వాత రిమోట్ మీద ఎవరో ఒక బొత్తాం నొక్కారు, ఎవరో చెప్పరు.
బంతి బల్లపరుపుగానే గోల్లో పడింది.
కేక మాత్రం మూడిళ్ళు దాటింది.

చేతిదాకా వచ్చి నోటిదాకా రాని చేప అది,
ఏం చెప్పమంటారు?

మూడేళ్ళకి, మొన్న, మర వదులైందంటే వెళ్ళాను.
స్క్రూడ్రైవరు కోసం సొరుగు లాగితే
దారపుండల మధ్య ఆ రెండు జోళ్ళూ,
పక్కన బ్యాటరీ మూతలు ఊడి.
ఏమయ్యాయని అడగబోయేలోగా
ఎదూవిహెస్ మేజా దగ్గర కూర్చుని
వేలికొస సూదితో పొడుచుకుంది,
చక్కెర కొలిచే మీటరు మీద చుక్క పెట్టింది.
అదే సైజు బిళ్ళ, అంది నా వైపు చూడకుండానే.

అయిదు లెక్కపెట్టాం.
నూట పద్దెనిమిది.
“బాగానే పనిచేస్తోంది” అంది.