తలకట్టు లేని అక్షరాలు

షార్జాలో దిగిన మొదటి వారం
తలుపులతో పోట్లాడాను.
నెట్టాల్సినదాన్ని లాగాను, లాగాల్సినదాన్ని నెట్టాను.
బ్యాంకులో, మందుల షాపులో, డిపార్ట్‌మెంటు ఆఫీసులో
అద్దం మీద రెండు భాషల్లోనూ రాసే ఉంది.
నా కన్నేమో ముందు అరబ్బీ మీదికి పోయేది,
అది నాకు వచ్చుననుకుని.

నందికొట్కూరు మసీదు వెనక రేకుల గదిలో
రెండు వేసవులు నేర్చుకున్నాను దాన్ని,
ముందుకీ వెనక్కీ ఊగుతూ,
జబర్, జేర్, పేష్ అని గొంతెత్తి.
మనకి తలకట్టూ గుడీ కొమ్మూ ఉన్నట్టే అవి.
అర్థమేమిటంటే హజరత్ అనేవాడు,
"ముందు నోరు తిరగనీ పాపా, అర్థం అదే వస్తుంది."
నోరు తిరిగింది.
అర్థం కోసం వచ్చినదాన్నీ కాదు నేను,
ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే చదువుకి వచ్చాను.

ఇక్కడ అక్షరాలకి తలకట్లు లేవు.
గుండు చేయించుకొచ్చిన పిల్లల్లా
బోర్డుల మీద బోసిగా, వరసగా.
ఇంకో సంగతి.
ఆ రాత ఉన్న కాగితం కింద పడితే
తీసి కళ్ళకద్దుకునే ఇల్లు మాది.
ఇక్కడ అవే అక్షరాలు
చెత్తడబ్బా మీద, చెప్పుల పెట్టె మీద,
బొద్దింకల మందు మీద.
ఒక చిప్సు ప్యాకెట్టుని పారేయలేక
మడిచి సంచిలో పెట్టుకుని గదికి తెచ్చాను.
పక్క మంచం ఇబ్తిహాల్, ఖర్తూమ్ పిల్ల,
కడుపు పట్టుకుని నవ్వింది.
"ఉప్పూ మిరపకాయా అని రాసుంది, అంతే."

అల్ నహ్దాలో ఒక గది, నాలుగు మంచాలు.
నాది కిటికీ పక్కది, నెలకి యాభై దిర్హాములు ఎక్కువ.
కిటికీలోంచి కనబడేది ఇంకో కిటికీ.
మొదటి రాత్రి ఫోము పరుపుని అరచేత్తో నొక్కి చూశాను,
మా తాత చేసినట్టు.
వింటితో దూదేకిన మనిషి,
పరుపు నొక్కి
ఆ ఇంట్లో ఎవరికి నిద్ర పట్టడం లేదో చెప్పేవాడు.
ఇది నొక్కినంత లోపలికి పోయి
అంతా పైకొచ్చింది.
ఏమీ చెప్పలేదు.

సెప్టెంబరులో చన్నీళ్ళ కొళాయి తిప్పితే చెయ్యి చుర్రుమంది.
"గీజరు ఆపేసి ఎర్ర గుర్తు వైపు తిప్పు" అంది ఇబ్తిహాల్,
"ఆ నీళ్ళు నీడపట్టున ఉంటాయి."
నీళ్ళ చదువుకి వచ్చినదానికి
అదీ మొదటి పాఠం.
రెండోది టీ. పాలనుకుని లబన్ తెచ్చి పోశాను.
గిన్నెడు టీ మజ్జిగలా విరిగింది.

ల్యాబులో ఆలస్యమైన ఒక రాత్రి,
టాక్సీ నడిపే పెషావరు ముసలాయన పేరడిగాడు.
ఎప్పటిలాగే ముక్కలు చేసి చెప్పాను.
దస్త. గిర. అమ్మ.
క్లాసులో ఇది 'డస్టీ' దగ్గర ఆగిపోయింది,
దుమ్ము పట్టినది అని.
ఆయన స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీశాడు.
"దస్త్. ఇదీ."
గాల్లో దేన్నో అందుకున్నట్టు వేళ్ళు ముడిచాడు.
"గీర్. పట్టుకునేది."
తర్వాత అద్దంలో నావైపు చూసి, "అమ్మా?"
అది నేను చెప్పాను, నా వచ్చీరాని ఉర్దూలో.

మొక్కుకుని పెట్టిన పేరని తెలుసు,
మోటు పేరని తెలుసు,
హాజరు పిలిచేటప్పుడు తల దించుకునే పేరని తెలుసు.
ఇరవై మూడేళ్ళుగా
అందులో ఒక చెయ్యి ఉందని తెలీదు.
మీటరు ముప్పైరెండు అయింది.
రెండు వదిలేశాడాయన.

నిన్న కోఆపరేటివ్ స్టోరులో
చల్లటి అల్మారా ముందు చాలాసేపు నిలబడ్డాను.
ఆవు బొమ్మని వేలితో మూసి
అక్షరాలు మాత్రమే చూశాను.
హ. ల. య. బ.
వాటికి ఎవరూ ఏమీ తగిలించలేదు.
మొదటిదానికి తలకట్టు నేనే పెట్టాను,
రెండోదానికి గుడి పెట్టి దీర్ఘం తీశాను.
హలీబ్.
పాలు.
పక్కన డబ్బాలు సర్దుతున్న నేపాలీ అబ్బాయి
పైకే అన్నానేమో, తిరిగి చూశాడు.

రాత్రి నాలుగు మంచాలకీ టీ పెట్టాను.
విరగలేదు.
పొద్దున బ్యాంకు తలుపుని మాత్రం
మళ్ళీ లాగాను.