గుర్తింపు హద్దు

రుషికుల్య సముద్రంలో కలిసేచోట
మొగలిపొదల ఇవతల
పొద్దు పొడవకముందే దిగాను,
ఉక్కు గొట్టం, సంచీలు, చెరగని సిరా కలంతో.
పై ఐదు సెంటీమీటర్లు ఒక సంచీ,
ఆ కింద ఐదు ఇంకో సంచీ.
నల్లటి ఇల్మనైటు, దానిమ్మగింజ గార్నెట్టు,
నడుమ నడుమ తేనెచుక్కలా మోనజైటు.
ఒడియాలో బాలి, మా మాటలో ఇసుక,
కాగితం మీద: నమూనా పదిహేడు.

గనగళ్ల పోలమ్మ తట్ట దించి చూస్తోంది.
"ఇసక దొంగిలిస్తే ఏటొస్తాది పిల్లా?"
కంటికి కనపడనిది ఇందులో కొంత ఉంటుంది,
ఎంతో కొలుస్తాం, అన్నాను.
"కనపడందాన్ని కొలుస్తావా?
ముందు మా కామాలు తాగుడు కొలు."
అంటూనే రెండు కిలోల కవళ్లు పోసింది.
డబ్బులిస్తే తీసుకోలేదు,
తరవాత సూద్దాంలే అంది.

బరంపురంలో మా ప్రయోగశాల
పాత పట్టు గోదాము వెనక రెండు గదులు.
చేపల్ని ఆరబెట్టి, మాడ్చి, రాత్రంతా కొలిమిలో పెడితే
తేలింది పిడికెడు బూడిద.
వీధికుక్కలు రెండ్రోజులు మా గుమ్మం వదల్లేదు.
ఇసుకని డబ్బాలో పోసి, మూతచుట్టూ మైనం పూసి
నెల రోజులు ముట్టుకోలేదు.
లోపల రేడియం కన్న పిల్లలు
తల్లితో సమానంగా ఎదగాలి,
అప్పుడుగాని తల్లి ఎంతో తెలీదు.

అన్నిటికంటే ముందు ఖాళీ డబ్బా.
ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు:
ఏమీ లేనిదాన్ని ఎనభై వేల సెకన్లు వింటాను.
సీసపు గూడు, గోడ సిమెంటు,
ఆకాశంలోంచి రాలే కిరణాలు,
తలుపు దగ్గర నిలబడ్డ నా ఒంట్లో పొటాషియం,
అన్నీ ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటాయి.
ఆ గొణుగుడంతా తీసేశాక మిగిలితే
అదే నమూనా చెప్పిన మాట.

ద్రవ నత్రజని పోస్తుంటే
పొగ పాదాల మీదికి దిగుతుంది.
ఆ చలిలో జెర్మేనియం పలుకు
తాకిన ప్రతి కిరణానికీ తెర మీద ఒక చుక్క పెడుతుంది.
మా నాన్న మగ్గం మీద ఫోడా కుంభం అంచుకి
పోగులు లెక్కపెట్టేవాడు,
తప్పితే మళ్లీ మొదట్నుంచి.
ఈ యంత్రం తప్పదు.
తప్పేది నేనే, తెల్లవారుజామున, కునుకులో.

తెల్లారేసరికి ఇసుక కొండలు కట్టింది.
థోరియం సంతానం వరసగా,
చిట్టచివర
రెండువేల ఆరువందల పద్నాలుగు దగ్గర ఒంటరి శిఖరం.
ఎవరూ పారబోసింది కాదు.
కనుమలు అరిగి, ఏరు మోసి, అల ఏరిపెట్టింది.
సరుగుడు తోట మట్టిలో మాత్రం
ఆరువందల అరవై రెండు దగ్గర చిన్న బొడిపె. సీజియం.
నేను పుట్టకముందు, పోలమ్మ ఓణీ కట్టకముందు
ఎవరో ఏ ఎడారిలోనో పేల్చిన బాంబు దుమ్ము
ఊరి పేరడక్కుండా వానతో దిగిపోయింది.

చేపల బూడిదలో ఆ చోట ఏదీ లేవలేదు.
లేదని రాయకూడదు. "లేదు" మాకు నిషేధం.
ఇంతకన్నా తక్కువైతే నా యంత్రానికి వినపడదు,
నేను రాయగలిగింది అంతే.

నివేదిక ఇంగ్లీషులో ఒకటి, ఒడియాలో ఒకటి.
పోలమ్మకి తెలుగులో నేనే చేత్తో రాశాను:
గుర్తింపు హద్దుకు దిగువ.
మనవడు కూడబలుక్కుని చదివితే ఒకటే నవ్వు.
"రేసను ఆఫీసులో మాకు సెప్పే మాటే గదా ఇది!"

నవ్వు ఆగాక అడిగింది.
"సేపలో కనపడ్నేదు. ఇసకలో ఉంది.
మేం తినేది సేప, తొంగునేది ఇసక మీద. మరి?"

ఫారం అటూ ఇటూ తిప్పాను.
ఆ ప్రశ్నకి గడి లేదు.
చూరుకి ఒక కొలత బిళ్ల వేలాడదీయాలి,
మూడు నెలలు కదపకుండా ఉంచాలి, అన్నాను.
"ఉంచు. అద్దె ఏటిస్తావ్?"

కవళ్ల డబ్బులూ అప్పుడే గుర్తుచేసింది.