ఎల్సీ

ముప్పై నాలుగేండ్లు ఊర్లకు కరెంటు తీసిన, ఇచ్చిన.
మొన్న రాత్రి నాకే తీసిండ్రు.

వెల్దండ దిక్కు ఉరిమింది.
బుగ్గ ఒక్కసారి తెల్లగ వెలిగి
పచ్చగ కుంగిపోయింది.
ఎంత వోల్టేజో నాలిక మీదనే తెలిసింది.
లేచి ప్లగ్గు పీకుదునా,
అంతల్నే కంప్యూటర్ గుడ్లు తేలేసింది.

తెల్లారి ఒత్తితే నల్ల పలక.
దాని మీద సుద్దరాతలు, ఇంగిలీషుల.
అండ్ల నాకు తెలిసిన మాట ఒక్కటే: ఎర్రర్.
డబ్బా లోపల
టక్... టక్... టక్...
రిలే పట్టలేక కొట్టుకునే చప్పుడు.
"బల్లి పలుకుతున్నది, మంచిదే" అన్నది మణెమ్మ
చెరిగే చాట ఆపకుంట.

జిరాక్స్ దుకాణం సాదిక్‌కు ఫోన్ కొట్టిన.
"చాచా, వైర్లన్నీ ఊడబీకి మల్ల పెట్టు."
పెట్టిన. ఒకదాని మొగన మసి ఉంటే
పాత బనీను ముక్కతోటి తుడిచిన.
"ఇగ చెక్‌డిస్క్ కొట్టు. కొట్టి ముట్టకు.
ఎంతసేపైనా ముట్టకు."

ముట్టకు అని నాకు చెప్తున్నడు!
కల్వకుర్తి అంతటికి ఆ మాట నేను చెప్పినోన్ని.

నూటికి పది అన్నది. పదకొండు కాడ నిలబడ్డది.
పని చేస్తున్నదా సచ్చిందా తెల్వదు.
పొద్దు గూకినంక ఎరుకైంది అది చేసేదేందో.
గాలిదుమారం పోయినంక
చారకొండ ఫీడర్ల ఫాల్టు దేవులాడుడే అది.
స్తంభం, స్తంభం.
చేతుల బ్యాటరీ లైటు,
పల్లి చేండ్ల గట్ల మీదికెళ్లి,
పింగాణి పగిలిందా, జంపర్ తెగిందా,
ఈతకమ్మ తీగకు తగిలిందా,
మంచిదైతే ముందటికి,
చెడ్డదైతే సున్నం గుర్తు పెట్టి
దాన్ని తప్పిచ్చి లైను కలుపుకుంట.
మోటర్ల కాడ రైతులు గులుగుతుంటరు,
ఎంతసేపయ్యా అని.
ఏం చెప్తం.
నడిచినంతసేపు.

అందుకే దాన్ని తొందర పెట్టలే.
పక్కన చాప పర్చుకొని పండిన.
జొన్న రొట్టె సల్లారిందని మణెమ్మ రెండుసార్లు పిలిచి
మూడోసారి పిలువలే.

అండ్ల ఏమున్నదని ఇంత గోస?
పింఛను కాగితాలు. అవి ఆఫీసుల ఉండనే ఉన్నయి.
మణెమ్మ అక్కబిడ్డ పెండ్లి వీడియో,
ఒక్కసారి గూడ చూడలే నేను.
పత్తాలాట.
ఇంకొకటి, కుర్మయ్య ఫోటో.

నా హెల్పరు.
తాండ్ర కాడ పన్నెండో నంబరు స్తంభమెక్కి
పండ్లు బయటేసి నవ్వుతుంటే
యూనియనోళ్లు రీలు కెమెరాతోటి తీసిండ్రు.
అసలు ఫోటో చెదలు తిన్నది.
తినకముందే సాదిక్‌తోటి స్కాన్ చేపిచ్చిన.
మరుసటేడు వానకాలం
ఎల్సీ ఉన్నదనుకొని ఎక్కిండు.
ఉన్నదని చెప్పింది ఎవరు అని
ఎంక్వయిరీ అయ్యింది.
కాగితాల మీద నా తప్పు లేదు.
కాగితాల మీద.

కోడి కూసే యాళ్లకు నూరైంది.
సాదిక్ చెప్పిన కాడ తెరిస్తే
దొరికినవన్నీ ఏసిన సంచి ఒకటి,
పేర్లు లేవు, నంబర్లే,
శవాల గదిల బొటనవేలి చీటీల లెక్క.
తోకల అక్షరాలు మార్చుకుంట ఒక్కోటి చూసిన.
పింఛను బతికింది. పెండ్లి పూర్తిగ బతికింది,
అప్పగింతలతో సహా.
ఏడోది కుర్మయ్య.

సగం.
పైన మొగులు, అడ్డపట్టీ, మూడు పింగాణి గిన్నెలు,
నడుముకు తాడు, వాని నవ్వు.
మోకాళ్ల కాడికెళ్లి కిందికంత బూడిద రంగు.
స్తంభం లేదు. నేల లేదు.
కింద తాడు పట్టుకొని మీదికి చూస్తున్న నేను లేను.

"కింది సగం చెడ్డ సెక్టార్లల్ల పడ్డది చాచా.
హైదరాబాదుల పైసలు పెడితే ఏమన్న..."
వద్దన్న.
ఉన్న సగాన్నే రెండు పెన్‌డ్రైవులల్ల ఎక్కిచ్చి
ఒకటి బీరువల పెట్టిన, ఒకటి జేబుల.

ఇయ్యాల మల్ల మబ్బు పట్టింది.
సబ్‌స్టేషన్‌కు ఫోన్ కొట్టిన. కొత్త పిలగాడు ఎత్తిండు.
"ఎల్సీ ఎవరికన్న ఇచ్చినవా?"
"లేదు సార్. మీరు రిటైరైన్రు గద..."
"నోటితోటి కాదు బిడ్డా.
బుక్కు తెరిచి, చూసి చెప్పు."