చెయ్యూపినవాడు

శనివారం. వాళ్ళమ్మకి ఆస్పత్రిలో పగటి డ్యూటీ.
పిల్లలిద్దరూ నా పాలబడ్డారు.
బయట నలభై ఆరు డిగ్రీలు,
పార్కులో జారుడుబల్ల పెనంలా కాలుతోంది.
షార్జాలో చల్లగా, చవగ్గా
ఒక పూట గడిచిపోయే చోటేదని
రాత్రి ఫోన్లో వెతికి వెతికి
చేపల దగ్గరికి తీసుకొచ్చాను.

టికెట్ల దగ్గర చిన్నాడి వయసు
ఒక ఏడాది తగ్గించి చెప్పాను.
"నాకు నాలుగు నిండాయి" అన్నాడు వాడు
అడక్కుండానే, వేళ్ళు చూపించి మరీ.
కౌంటర్లో అమ్మాయి నవ్వు ఆపుకుంది.
నేను పర్సు తీశాను.

లోపల చీకటి. నీలం. చెమట ఆరుతున్న చల్లదనం.
మా శాంభవికి ఏడేళ్ళు,
కనబడిన బోర్డల్లా చదవాలి దానికి.
నాన్నా, ఇది ముట్టుకుంటే విషం.
నాన్నా, ఇది రాయిలా నటిస్తుంది.
నాన్నా, ఈ గుర్రం చేపల్లో
నాన్నలే పొట్టలో పిల్లల్ని మోస్తారట, నువ్వు మోశావా?
"మోస్తూనే ఉన్నానుగా" అన్నాను
భుజమ్మీద గగన్‌ని, చంకలో నీళ్ళ సీసాని,
వేలికి వేలాడే వాడి ఒంటి చెప్పుని
సర్దుకుంటూ.

"హమ్మూరు" అని అక్క చదవగానే
"మనింట్లో కూర!" అని అరిచాడు గగన్.
ముందున్న నలుగురూ వెనక్కి తిరిగారు.
నిజానికి మనింట్లో కూర కాదది.
మార్కెట్లో కిలో ధర విని
ప్రతిసారీ కవళ్ళు కొనుక్కొస్తాం,
హమ్మూరని చెప్పి పెడతాం.
వాడు ఆ చేప వంకా, తన అరచెయ్యి వంకా చూసుకుని
"ఇంత పెద్దదా?" అన్నాడు.
"మనం తినేది పిల్ల హమ్మూరు" అన్నాను.
గాజులోంచి అది నోరు తెరిచి, మూసి,
ఏమీ అనకుండా పక్కకి తిరిగింది.

పెద్ద తొట్టి ముందు జనం.
సొరచేప తిరుగుతోంది, దాన్ని చూసేవాళ్ళు లేరు.
లోపల ఒక మనిషి,
నల్ల సూటు, వీపున సిలిండరు,
గాజుకి పట్టిన పాచిని గుడ్డతో రుద్దుతున్నాడు
మేము సింకు రుద్దుకున్నంత మామూలుగా.
గగన్ చెయ్యూపాడు.
అతను రుద్దడం ఆపాడు.
గుడ్డ వదిలేసి, ఒక చెయ్యి,
తర్వాత రెండోదీ ఊపాడు.
గుడ్డ మెల్లగా అడుక్కి దిగుతోంది.

నా మోకాళ్ళలో ఏదో వదులైంది.

పదకొండేళ్ళ కిందట, అల్ నహ్దాలో,
ముప్పై రెండో అంతస్తు బయట
తాడుకి వేలాడుతూ అద్దాలు తుడిచేవాణ్ణి.
లోపల ఒక పాప, చేతిలో పాల గ్లాసు,
ముక్కు చదునయ్యేలా గాజుకి నొక్కి చూసింది నన్ను.
చెయ్యూపింది.
నా ఒక చేతిలో తాడు. ఒక చేతిలో బ్రష్.
ఆ రోజు గాలి కూడా ఉంది.
తలూపాననే అనుకుంటాను,
హెల్మెట్‌లో అది తెలిసి ఉండదు.
సబ్బునీళ్ళు జారి పాప చెరిగిపోయింది.
నేను ఒక అంతస్తు కిందికి దిగాను.

"ఆయన ఇల్లు నీళ్ళలోనేనా?" అన్నాడు గగన్.
కాదురా. రోలా దగ్గర గది.
ఆరుగురుంటారు. రాత్రికి వంట వంతు ఈయనది.
"నీకెలా తెలుసు?" అంది శాంభవి,
ఏ బోర్డు మీదా లేనిదాన్ని
ఊరికే నమ్మదది.
"పద, తాబేళ్ళు చూద్దాం" అన్నాను.

సాయంత్రం వాళ్ళమ్మ చెప్పులు విప్పుతూ
ఏం చూశార్రా అంది.
"ఒక అంకుల్ చెయ్యూపాడు."
"మరి చేపలో?"
"అవి కూడా ఉన్నాయి."

కూర వేడిచేసి పళ్ళేల్లో వేసింది.
గగన్ కాసేపు దాన్ని చూశాడు.
అరచెయ్యి చాపి, కొలత చూపించి,
"ఇది పిల్లది" అన్నాడు వాళ్ళమ్మ చెవిలో
నాకు వినబడకుండా.