చల్లబడితేనే పలికేది

పొద్దున తాళం తిప్పగానే మొదలు.
టిక్, టిక్, టిక్కుటిక్కు—
బానెట్ కింద ఎవరో కూర్చుని
చెంచా మీద గోటితో కొడుతున్నట్టు.
యాక్సిలరేటర్ తొక్కితే తొందరపడుతుంది
కాలు తీస్తే తనూ తీరిగ్గా మాట్లాడుతుంది.

నా నీవాకి ముప్పై ఎనిమిదేళ్లు.
వెనక సీటు పీకేసి చెక్క అరలు బిగించాను.
ఓనీ బేకరీలో చీకటుండగానే నూట నలభై రొట్టెలు ఎక్కించి
రియోనీ నది పక్కనే పైపైకి, గేబీ దాకా.
బండి ఆగితే నాలుగూళ్లు నిన్నటి రొట్టె నములుతాయి.

విన్నవాళ్లంతా వైద్యులే.
టైమింగ్ చైన్, తెగిందంటే అంతే, అన్నాడు ఓతారి.
అతని గోడ గడియారం ఎప్పుడూ అరగంట వెనకే.
వాల్వులన్నాడు మా మరిది,
ఆదివారమంతా సందులు సరిచేసి
సీసా ఖాళీ చేసి వెళ్లాడు. సోమవారం మళ్లీ టిక్.
బేరింగ్ పోయింది, అమ్మెయ్, అన్నవాడు
పాత ఇనుము కొనేవాడని తర్వాత తెలిసింది.
పిండి పిసికే నజిబ్రోలా మాత్రం తలెత్తకుండానే,
"అది నువ్వు పళ్లు కొరుక్కునే చప్పుడేమో చూసుకో" అంది.

గేబీలో జుంబెర్ షెడ్డు ముందు ఆపితే
దొంగకు తేలు కుట్టినట్టు, కిక్కురుమనదు.
మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ అంతే.
క్వారీ పేలుళ్లకి ఎడమ చెవి పోగొట్టుకున్న మనిషి
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి
కర్ర పిడి కుడి చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి
కళ్లు మూసుకున్నాడు.
ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగి చూశాడు.
బండి కుంటింది, దగ్గింది,
అసలు మాట చెప్పలేదు.

"నేను అబద్ధమాడుతున్నానా?" అన్నాను.
అతను వేరే ప్రశ్న వేశాడు:
"ఎంత దూరం నుంచి వస్తోంది?"
"ముప్పై చిల్లర కిలోమీటర్లు. అంతా ఎక్కుడే."
గడ్డం గోక్కున్నాడు, గ్రీజు అంటుకుంది.
"తాళం ఇచ్చి వెళ్లు. రాత్రంతా చల్లారనీ."

వాళ్ల చెల్లెలింట్లో పడుకున్నాను, పడుకున్నాననే పేరు.
తెల్లారకముందే వెళ్తే
జుంబెర్ కోటు మీద కోటు తొడుక్కుని
బకెట్ బోర్లించి కూర్చున్నాడు.
షెడ్డులో పొయ్యి వెలిగించలేదు,
బండికి వెచ్చదనం తగులుతుందని.

"ఇప్పుడు తిప్పు."
టిక్.
నాకే ప్రాణం లేచొచ్చింది, పోగొట్టుకున్న మేక అరిచినట్టు.
రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని
రెండో కొసని ఇంజను పక్కన ముక్కులా తిప్పాడు.
నీళ్ల పంపు దగ్గర కాదు. పైన కాదు.
పొగ గొట్టాలు బయల్దేరేచోట, మూడోదాని మెడ మీద ఆగాడు.
టార్చి వేసి నా తల వంచి చూపించాడు:
నల్లటి మసి గీత, కనురెప్ప వెంట్రుకంత.

చల్లగా ఉన్నప్పుడు ఆ పగులులోంచి ఊపిరి కారుతుందట.
వేడెక్కితే ఇనుము ఉబ్బి
తన చీలిక తనే మూసుకుంటుందట.
ఇద్దరం బకెట్ల మీద కూర్చుని అది మూసుకోవడం విన్నాం.
టిక్కుటిక్కు, టిక్కు, ట్—
తర్వాత నది.

"అతకొచ్చా?"
"పోత ఇనుము, అతికినా పక్కన పగులుతుంది.
కుతాయిసీలో పాతది దొరుకుతుందేమో అడుగుతాను.
అందాకా కిటికీ కాస్త దించి నడుపు, పొగ మంచిది కాదు."
డబ్బులిస్తే తీసుకోలేదు. రెండు రొట్టెలు తీసుకున్నాడు,
నిన్నటివి.

ఇప్పుడు రోజూ రెండో వంతెన దాకా మాట్లాడుతుంది.
మొన్న మంచు ముదిరి, వంతెన దాటినా ఆగలేదు.
కిటికీ ఇంకో నాలుగు వేళ్లు దించాను.
రొట్టెల వాసన బయటికి పోయింది.
ఎవరిదో కుక్క ఒకటి
చర్చి మలుపు దాకా వెంట పరిగెత్తింది.