పాయింట్

ఏడో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతున్న.
మర్రిగూడ మండలంల మా బడికి స్టాఫ్ రూం అంటే
బియ్యం బస్తాల పక్కన ఒక కుర్చీ.
మూడో ప్రశ్న నేనే ఇచ్చిన, ఏ గైడులనూ దొరకది:
పాయింట్ అనే మాటకు నీకు తెలిసిన అర్థం రాయి.
తెలుగుల రాసినా సరే. రెండు మార్కులు.

నా డిక్షనరీ బీఎడ్ నాటిది, అట్ట ఊడింది.
అండ్ల ఈ ఒక్క మాటకే పేజీన్నర.
మొనంట. కొసంట. తావంట.
వేలు పెట్టి చూపుడంట.
మాటల అసలు సంగతంట.
అన్నిటికంటే ముందు, చుక్క.

సగం మంది పెన్సిల్ మొన అని రాసిండ్రు,
బోర్డు మీద నేను రాసిందే.
పాలకేంద్రం సైదులు కొడుకు రాసిండు:
'మా బర్రె పాలు ఆరు పాయింట్ రెండు.
వేరేటోళ్ళయి కూడ అంతే వస్తయి గానీ
మా నాన్న ఐదు పాయింట్ ఎనిమిది రాస్తడు.'
రెండుకు రెండు వేసి
పేపర్ ఇంటికి తీస్కపోకురా అని చెప్పాలె.

వైరింగు చేసే జానీ బిడ్డ పర్వీన్:
'గోడలకెల్లి కరెంటు బయటికొచ్చే బొక్క.
పాయింటుకు నూట ఎనభై. సామాను మీదే.'

పంచాయితీలకు తాత వెంట తిరిగే పిల్లగాడు:
'పెద్దమనుషులు ముందే ఒకల దిక్కు అనుకుంటరు.
ఆనక ఆయన మాట్లాడంగనే
పాయింటున్నది అంటరు.'

డిక్షనరీ రాసినోళ్ళు
ఒక్కసారి మా బస్సెక్కి రావాల్సుండె.

అప్పుడొచ్చింది జటంగి లిఖిత పేపర్.
ఒక్కటే వాక్యం, గీత కొట్టి మరీ:
'పాయింట్ అంటే నీళ్ళు లేని జాగ.'

ఎర్ర పెన్ను ఆగింది.
పేజీన్నర మళ్ళ చదివిన. ఎక్కడా లేదు.
పిల్లను పిలిచి అడిగితే
తప్పు చేసినట్టు చేతులు ఎనకకు పెట్టుకున్నది.
'మా చేన్ల ఐదు పాయింట్లున్నయ్ టీచర్.

ఒకటి ముత్తిలింగం తాత పెట్టిండు.
అరచేతిల కొబ్బరికాయ నిలబడ్డది, అందరం చూసినం.
నాలుగు వందల అరవై ఫీట్లు, తెల్ల దుబ్బ.
రెండోది మిషన్ సారు పెట్టిండు, తీగలు గుంజి.
ఆయనకు మూడు వేలు, బండికి వేరే.
అదీ దుబ్బనే, ఎండేసిన బట్టలన్ని పాడైనయ్.
మూడోది వేప పంగల కర్రది.
నాలుగోదాంట్ల పడ్డయ్ టీచర్!
బత్తాయి చెట్లకు తొమ్మిది రోజులు పారినయ్.'

తొమ్మిది అన్నప్పుడు చేతులు ముందుకొచ్చినయ్,
ఏళ్ళ మీద లెక్క చూపెట్టనీకి.

మరి ఐదోది?

'అది ఇంక ఎయ్యలే.
రాయి పాతి పసుపు పూసినం.
మా అమ్మ అటు దిక్కు బర్రెను గూడ పోనియ్యది.
అండ్ల నీళ్ళు లేవని ఎవ్వలికి తెల్వది కదా,
అందుకే అది ఇంక పాయింటే.
ఎయ్యంగనే బొంద అయితది.'

ఇంత వ్యాకరణం నాకు ఏ కాలేజీల చెప్పలే.
ఒక మాట ఎప్పటిదాక బతుకుతదో,
ఎన్నో ఫీటు కాడ అర్థం మారుతదో,
మారినంక దాన్ని ఏమని పిలుస్తరో.

'నువ్వు రాసిందానికీ చెప్పిందానికీ తేడా ఉన్నదే' అన్న.
'రాసింది నాయినది టీచర్' అన్నది.
'అమ్మను అడిగితే వేరే చెప్తది.'
జర సేపు నిలబడి,
'మార్క్ పడ్తదా?'

పో, బెల్లు కొట్టిండ్రు అన్న.

సున్నా పెట్టి పాయింట్ ఐదు వేసిన.
కొట్టేసిన.
ఒకటి వేసి, దాని పక్కన చుక్క పెట్టవోతే
పాత పెన్ను, సిరా కక్కింది.
చుక్క లావైంది, కాయితంలకు ఇంకుతున్నది,
అటు పక్క పేజీల సుత ఎర్రగ ఊరుతున్నది.

చుక్క తర్వాత ఏ అంకె వెయ్యాల్నో
ఇంకా అనుకోలే.
నాలుగున్నర బస్సు హారన్ కొడుతున్నది.
తడి ఆరేదాక
పేపర్ మడవకుండ పట్టుకొని కూసున్న.